పెట్రోమాక్సు వెలుగులో భారతం

మంటకాడికి జరగండి నాయనా. అమ్మణ్ణీ, నువ్వూ రా. మన గంగవరం, పలమనేరు గడ్డ సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన ఉండాది. మార్గశిరం వచ్చిందంటే సలి ఎముకల్లోకి దిగుతాది. కరెంటు సరిగ్గా లేని కాలంలో రేత్రిపూట ఫోటోలు ఎట్ల తీసినారు తాతా అని అడగతా ఉండారు గదా, ఈపొద్దు చెప్తా. అసలు మాట మొదటే చెప్పేస్తా, ముచ్చట్లు తర్వాత. ఆడ ఉండే వెలుతుర్ని ఓపిగ్గా పోగేసుకున్నోడికే రేత్రి ఫోటో దక్కుతాది. కెమెరా పట్టుకోని బతికిన బతుకులో నేను తెలుసుకున్నది అదే.

కుర్రోడిగా ఉన్నప్పుడు పలమనేరులో ఒక స్టూడియోలో పనికి కుదిరినాను. మా గురువు చేతిలో ఉండింది యాషికా మ్యాట్ కెమెరా. ఎదురుగా ఒకదాని కింద ఒకటి రెండు లెన్సులు. పైది చూసేదానికి, కిందిది తీసేదానికి. మెడకు తగిలించుకోని, తల వంచి పైనుంచి అద్దంలోకి చూడల్ల. దాంట్లో 120 ఫిలిం ఏస్తే రోలుకు 12 బొమ్మలు. ఫిలిం తూర్పు జర్మనీ ఓర్వో దొరికేది, లేదంటే మన ఊటీలో చేసే ఇందు. ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిలిమ్స్ అని 1960లో పెట్టిన సర్కారు కంపెనీ ఉండేది, దాని సరుకే అది. 12 బొమ్మలంటే 12 మాత్రమే. పెండ్లి కానీ, జాతర కానీ, గురువు ఒక్కో బొమ్మకు ఎంతసేపైనా కాచుకోనుండేవాడు. "ఇంగా నొక్కవేం సామీ" అని జనం తొందరపెడితే, "వెలుతురు కుదరనీండప్పా" అనేవాడు.

ఫిలిం కడిగేది కూడా రేత్రే. పొద్దుగూకినాక తలుపు సందుల్లో గోనెపట్టలు దూర్చి, కంబళి కప్పుకోని, చేత్తో తడుముకుంటా ఫిలిం రీలుకు ఎక్కించేవాళ్లం. ఫిలిం కడిగే మందు 20 డిగ్రీల కాడ ఉంటే బాగా పని చేస్తాది. మరీ వేడెక్కితే ఫిలిం మీది పూత మెత్తబడి పాడైపోతాది. కింద చిత్తూరు, తిరుపతి పక్క ఎండాకాలంలో దానికి ఐసుగడ్డ ఎతుక్కోవల్ల. మనకు సలికాలంలో బావినీళ్లే సరిపోయేవి, ఎండల్లో కుండనీళ్లు. కాగితం మీద బొమ్మ ఎత్తేటప్పుడు మాత్రం ఎర్ర బల్బు ఒకటి ఎలిగించుకునేవాళ్లం. ఆ నలుపు తెలుపు కాగితానికి ఎర్ర వెలుతురు తగలదు, అందుకని అది చెడిపోదు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, నిప్పులగుండం కాడికి వచ్చినప్పుడు మళ్లా చెప్తా.

మా పనిలో అన్నిటికంటే కష్టమైందీ, అన్నిటికంటే ఇష్టమైందీ భారతం. పాత చిత్తూరు జిల్లాలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్లు శానా ఊళ్లలో ఉండాయి. ఎండాకాలంలో గుడి ముందర ధ్వజం ఎత్తినారంటే 18 దినాలు భారతమే. మధ్యాన్నం హరికథ చెప్తారు, రేత్రికి అదే ఘట్టం నాటకం ఆడతారు. పగలు చెవులతో విన్న ద్రౌపదీ వస్త్రాపహరణం రేత్రి కండ్లతో చూడల్ల, అదీ లెక్క. పది దాటినాక మద్దెల మోగితే తెల్లారి కోడి కూసేదాకా ఆగేది లేదు. సుట్టుపక్కల పల్లెలన్నీ సాపలు, దుప్పట్లు తెచ్చుకోని గుడి ముందరే పండేవి. పిల్లోళ్లు కునికిపాట్లు పడతా ఉంటే, భీముడు వచ్చేటప్పుడు లేపండని అవ్వకు చెప్పి పడుకునేవాళ్లు.

ఆ వేషాలు చూసుంటారు గదా. కిరీటాలు, భుజకీర్తులు చెక్కతో చేసి, తళుకు కాగితమూ అద్దం ముక్కలూ అతికిస్తారు. మొగానికి అర్దళం అనే రంగు పూస్తారు. ఆ అద్దాలకూ ఆ రంగులకూ తగిన వెలుతురు పెట్రోమాక్సుదే. కిరసనాయిలు పోసి, గాలి కొట్టి, మేంటిలు అంటించినారంటే బుస్సుమని తెల్లగా మండేది. మంచి లైటు మూడు నూర్ల నుంచి ఐదు నూర్ల కొవ్వొత్తుల పెట్టు. నాటకమంతటికీ అట్లాంటివి రెండో మూడో రాటలకు కట్టేవాళ్లు. వేషగాడు తల తిప్పితే అద్దం ముక్కలు తళుక్కుమని, ఆ మెరుపు జనం మొగాల మీద పాకేది.

కంటికి ఆ వెలుతురు జాస్తిగానే కనబడతాది. ఫిలింకు చాలదు. లైటుకు ఆరడుగుల దూరంలో వేషగాడు నిలబడినాడనుకోండి. నూరు ఏఎస్ఏ ఫిలిం ఏసి, లెన్సు 3.5 కాడికి పూర్తిగా తెరిచినా, సెకనులో మూడో వంతు సేపు షట్టరు తెరిచి ఉంచల్ల. ఎండలో అయితే సెకనులో నూరో వంతు, రెండు నూర్లో వంతు చాలు, అదీ లెన్సు బాగా మూసుకోని. మూడో వంతు సెకనులో అర్జునుడు ఒక గిరికీ కొట్టేస్తాడు, బొమ్మలో పొగ మాదిరి మిగుల్తాడు. ఇంగొక చిక్కు కూడా ఉండాది. లైటు నుంచి దూరం రెండింతలయితే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతాది. ఆరడుగుల కాడ ఉన్నోడు పన్నెండు అడుగుల కాడికి జరిగినాడంటే, మూడో వంతు సెకను కాస్తా సెకను దాటిపోతాది.

అందుకే గురువు కెమెరా పెట్టె తెరవక ముందే లైటు యాడ కడతా ఉండారో చూసేవాడు. సందకాడే పోయి, రాటలు నాటేవాళ్లతో మంచిగా మాట్లాడి, లైటు ఒక మూర కిందికి కట్టించేవాడు. శానా ఎత్తున కడితే కిరీటం నీడ కండ్ల మీద పడతాది, కండ్లు కనబడని దుర్యోధనుడు దుర్యోధనుడే కాదనేవాడు. లైటుకు ఎదురుగా కాకుండా పక్కగా నిలబడమని నాకు చెప్పేవాడు. పక్క నుంచి పడే వెలుతురులో ముక్కు, బుగ్గ, మీసం అన్నిటికీ ఒక పక్క నీడ వస్తాది, మొగానికి నిండుదనం వస్తాది.

కదిలే మనిషిని ఎట్ల పట్టల్ల మరి? దానికి దారి నాటకమే చూపించింది. ఇద్దరు మనుషులు తెర పట్టుకోని నిలబడతారు, దాని ఎనకాల నుంచి పాత్ర పాట అందుకుంటాది. తెర తీసినాక దరువు జోరందుకుంటాది, గిరికీలు, అడుగులు. దరువు ముగిసేటప్పుడు మద్దెలగాడు ముక్తాయింపు కొడతాడు సూడండి, అప్పుడు వేషగాడు కాలు నేలకు ఊని, రొమ్ము పొంగించి, కండ్లు పెద్దవి చేసి ఒక్క క్షణం నిలిచిపోతాడు. ఆ క్షణమే మాది. ముక్తాయింపు వస్తా ఉండాదని చెవికి తెలియల్ల, అది పడేటప్పటికి వేలు సిద్ధంగా ఉండల్ల. గురువు నాకు ముందు మద్దెల వినేది నేర్పించినాడు, కెమెరా తర్వాతే ఇచ్చినాడు.

చెయ్యి వణక్కుండా ఉండేదానికీ పద్ధతులు ఉండాయి. దుమ్ములో స్టాండు కాళ్లు నిలవకపోతే ఇసక మూట ఏసి దాని మీద కెమెరా కూర్చోబెట్టేవాళ్లం. అదీ కుదరకపోతే మెడపట్టీ బిగ్గా లాగి పట్టుకోని, ఊపిరి పూర్తిగా వదిలి, మళ్లా పీల్చుకునే లోపల నొక్కల్ల. షట్టరుకు ఒక తీగ తగిలించి దూరం నుంచి నొక్కేదానికి కేబుల్ రిలీజు ఉండేది. ఇంటికొచ్చినాక ఫిలింను మందులో మామూలు కంటే జాస్తిసేపు ఉంచేవాళ్లం. అట్ల చేస్తే తక్కువ వెలుతురు పడిన బొమ్మ కూడా కొంచెం పైకి తేలతాది. బదులుగా బొమ్మలో గరుకు జాస్తయితాది, నీడల్లో వివరం పోతాది. ఆ గరుకును కూడా మేము ఇష్టపడినాం. పెట్రోమాక్సు చుట్టూ లేచే దుమ్ములో ఆడిన నాటకానికి ఆ గరుకు బాగా నప్పేది.

తర్వాత ఎలక్ట్రానిక్ ఫ్లాషులు ఊళ్లలోకి వచ్చినాయి. అంతకు ముందు ఒక్కసారి ఎలిగి మాడిపోయే ఫ్లాషు బల్బులు ఉండేవి, ఇంగా ముందు మెగ్నీషియం పొడి మండించి పొగలో ఫోటో తీసేవాళ్లంట. కొత్త ఫ్లాషు సులువైంది. నొక్కితే చాలు, కదిలే వేషగాడు గూడా కదలకుండా పడిపోతాడు. పెండ్లిళ్లలో అది మాకు అన్నం పెట్టింది, ఆ మేలు మరిచిపోయేది లేదు. అయితే భారతం కాడ అది పనికి రాలేదు. కెమెరా పక్క నుంచే వెలుతురు తిన్నంగా పోయి తగిలితే అద్దం ముక్కలన్నీ తెల్ల మచ్చలైపోతాయి. మొగం సున్నం కొట్టినట్టు చదునుగా వస్తాది. ఫ్లాషు వెలుతురు నాలుగడుగులు దాటగానే తగ్గిపోతాది గదా, ఎనకాల ఉన్న జనం, గుడి, రాట, లైటు అన్నీ నల్లటి చీకట్లో మునిగిపోతాయి. ఆ బొమ్మలో వేషగాడు ఉంటాడు గానీ ఆ రేత్రి ఉండదు. ఆడ ఊరంతా కూచోనుండింది అని చెప్పే సాక్ష్యం ఉండదు. అందుకే గురువు భారతానికి పోయేటప్పుడు ఫ్లాషును స్టూడియోలోనే పెట్టి తాళం ఏసేవాడు.

ఆఖరి దినం పొద్దున దుర్యోధనుడి వధ. మట్టితో చేసి పడుకోబెట్టిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ చుట్టూ భీముడు గద పట్టుకోని దుర్యోధనుడి వేషగాణ్ని తరుముతా ఉంటే పగటి వెలుతురు ఉంటాది, ఫోటోకు కష్టం లేదు. సందకాడ నిప్పులగుండం. పొద్దు కుంకే ఆ వేళ ఉండాదే, అది ఫోటో తీసేవాడికి దేవుడిచ్చిన వేళ. ఆకాశంలో ఇంగా నీలం ఉంటాది, కింద దీపాలు ఎలుగుతాయి, రెండూ ఒకదానికొకటి సరితూగుతాయి. అయితే మన పక్క పొద్దు తిన్నంగా కిందికి దిగుతాది, ఆ సందెవెలుగు ఇరవై నిమిషాలు నిలిస్తే గొప్ప. అంతలోపల పని ముగించుకోవల్ల.

గుండంలో నిప్పులు ఎర్రగా కణకణలాడతా ఉంటాయి. ఎర్ర బల్బు సంగతి చెప్పినాను గదా, మా కాగితానికి ఎర్ర రంగు కనబడదని. పాతకాలం ఆర్థో ఫిలిం కూడా అంతే, దానితో తీస్తే అంత నిప్పూ నల్లగా పడేది. మాకు పాంక్రోమాటిక్ ఫిలిం వచ్చినాక ఎర్ర వెలుతురు కూడా బొమ్మలోకి ఎక్కింది. నిప్పుల నుంచి పైకి ఎగసే వెలుతురులో పసుపు బట్టలు, ఏపాకు మండలు, తలమీది కరగం తేలి కనబడేవి. ఆడ ఫ్లాషు కొట్టేదానికి ఊరి పెద్దలు ఒప్పుకునేవాళ్లు కాదు. ఉపాసంతో ఉండి నిప్పుల మీద నడిచేవాళ్ల కండ్లలో మెరుపు కొడితే అడుగు తప్పుతాది. ఒక మనిషి భక్తి కంటే, ఒక మనిషి కాలి కంటే బొమ్మ గొప్పది కాదు. ఈ మాట మీరు కూడా పాటించల్ల.

వెన్నెల్లో ఫోటో తీసినావా తాతా అంటే, తీసినాను. శానామందికి వెన్నెల అంటే మాయాబజార్ గుర్తొస్తాది. 1957లో వచ్చిన ఆ సినిమాలో కెమెరామాన్ మార్కస్ బార్ట్లే చూపించిన వెన్నెలను టూరింగు టాకీసులో మట్టిలో కూచోని చూసినోళ్లం మేము. అది దీపాలతో, కెమెరా నేర్పుతో పుట్టించిన వెన్నెల. నిజం వెన్నెల ఎండలో నాలుగు లక్షల్లో ఒక వంతు మాత్రమే. నిండు పున్నమి నాడు నూరు ఏఎస్ఏ ఫిలిం మీద చెరువుగట్టు బొమ్మ పడల్లంటే షట్టరు నిమిషాల కొద్దీ తెరిచే ఉంచల్ల. ఇంగో ఇసిత్రం, సేపు పెరిగేకొద్దీ ఫిలిం అలిసిపోతాది. లెక్కకు ఒక నిమిషం అని వస్తే రెండు మూడు నిమిషాలు ఇవ్వల్ల. అదే చంద్రుణ్ని మాత్రం తియ్యల్లంటే పగటి ఫోటో మాదిరే, సెకనులో నూరో వంతు చాలు. ఎందుకంటే అది ఎండ తగిలే రాతి నేల గదా! చీకట్లో ఉన్నది మనం, చంద్రుడు కాదు.

వెలుతురు పోగేసే విద్యలో మాకంటే ఘనులు ఉండారు. మన పలమనేరుకు దక్షిణంగా గీత గీస్తే నూరు కిలోమీటర్ల లోపే, తమిళనాడులో వాణియంబాడి అవతల జవ్వాది కొండల్లో కావలూరు అని ఉండాది. ఊరి దీపాలు లేని చీకటి కోసమే ఆ చోటు ఎతికి, 1960ల్లో ఆడ నక్షత్రాలు చూసే కేంద్రం పెట్టినారు. పెట్టించింది వైను బప్పు అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు. ఆయన తండ్రి హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీలో పని చేసినాడు. ఈయన నిజాం కాలేజీలో చదివి అమెరికా హార్వర్డుకు పోయి, 1949లో ఒక రేత్రి తీసిన ఫోటో ప్లేటు మీద ఎవరూ చూడని తోకచుక్కను పట్టుకున్నాడు. దానికి బప్పు, బోక్, న్యూకర్క్ అని ముగ్గురి పేర్లు పెట్టినారు. 1986 జనవరిలో కావలూరులో 2.34 మీటర్ల అద్దం ఉండే దూరదర్శినిని అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ వచ్చి ప్రారంభించినాడు. అప్పటికి బప్పు పోయి నాలుగేండ్లు కాలేదు. దానికి ఆయన పేరే పెట్టినారు.

హైదరాబాదు నిజామియాలో అంతకు ముందే గొప్ప పని జరిగింది. ఆకాశం మొత్తాన్ని ఫోటోలు తియ్యల్లని 1887లో పారిసులో శానా దేశాలు కలిసి అనుకున్నాయి. ఒక్కో అబ్జర్వేటరీ ఆకాశంలో ఒక్కో పట్టీ పంచుకున్నాయి. హైదరాబాదు వంతుకు వచ్చిన పట్టీల్లో ఏడు లక్షలకు పైగా నక్షత్రాల చోట్లు గాజు ప్లేట్ల మీద కొలిచి పుస్తకాలుగా అచ్చేసినారు. భూమి తిరుగుతాది గదా, కెమెరాను కదలకుండా పెడితే చుక్కలు గీతలైపోతాయి. అందుకని దూరదర్శినిని భూమికి ఎదురు, గంటకు 15 డిగ్రీలు తిప్పుతా ప్లేటు మీద చుక్క కదలకుండా కాపలా కాసేవాళ్లు. గింజ గింజ ఏరి గాదె నింపినట్టు వెలుతురు ప్లేటు మీద చేరేది. 1988లో కావలూరులో రాజమోహన్ అనే శాస్త్రజ్ఞుడు అట్లాంటి ప్లేట్ల మీదనే కొత్త గ్రహశకలాన్ని కనిపెట్టినాడు. నక్షత్రాలు ఉన్న చోటే ఉంటే అది మాత్రం జరిగింది, అట్ల పట్టుబడింది. దానికి రామానుజన్ అని పేరు.

మీరు కూడా మిద్దెపైన స్టాండు పెట్టి తీసి చూడండి. ఉత్తరం పక్క ధ్రువ నక్షత్రం మన గంగవరంలో 13 డిగ్రీల ఎత్తున, చెయ్యి చాపి పిడికిలి పెడితే పిడికిలిన్నర కంటే తక్కువ ఎత్తులో కనబడతాది. కెమెరా దాని పక్క తిప్పి గంటసేపు తెరిచి పెడితే మిగిలిన చుక్కలన్నీ దాని చుట్టూ గీతలు గీస్తాయి. చుక్క చుక్కగా కావల్లంటే పది సెకన్లకే మూసేయల్ల.

ఈ కాలంలో రేత్రి ఫోటో అంటే ఏనుగుల మాట కూడా చెప్పల్ల. నా చిన్నప్పుడు ఈ అడవుల్లో ఏనుగు లేదు. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి కుప్పం, పలమనేరు పక్కకు వచ్చినాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించినారు. అడవిలో చెట్లకు కట్టే కెమెరాలు ఒంటి వేడి కదిలితే తెలుసుకోని, కంటికి కనబడని వెలుతురుతో ఫోటో తీస్తాయి. మనం అట్ల తియ్యలేము. పంట కాపలాకు పోయిన పిల్లోళ్లు ఏనుగు కనబడితే ఫోను ఎత్తి ఫ్లాషు కొడతా ఉండారు. బెదిరిన ఏనుగు వెలుతురు ఉన్న దిక్కుకే రావచ్చు. ఆ ఫోటో మనకొద్దు నాయనా. అటవీశాఖ వాళ్లకు కబురు పెట్టి ఇంటికి రండి.

మీ ఫోనుల్లో రేత్రికని ఒక పద్ధతి ఉండాది గదా. అది నొక్కగానే పది, పదిహేను బొమ్మలు గబగబా తీసి, వాటిని ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి, కలిపి ఒకటి చేస్తాది. మేము షట్టరు తెరిచి కాచుకున్నదీ, కావలూరులో ప్లేటు కాచుకున్నదీ, ఇదీ ఒకే విద్య. అందుకని ఫోనును గోడకో రాటకో ఆనించి పట్టుకోండి, నొక్కినాక కొంచేపు కదలొద్దు. ఫ్లాషు ఆర్పేయండి. దీపం యాడుండాదో ముందు చూడండి, దానికి పక్కగా నిలబడండి. మద్దెల వినండి.

ఇంగొక పని మీ నెత్తిన పెడతా ఉండాను. మన సుట్టుపక్కల ఇండ్లలో ట్రంకుపెట్టెల్లో పాత నెగటివులు, భారతం ఫోటోలు, జాతర ఫోటోలు చెదలు పడతా ఉండాయి. శానా స్టూడియోలు మూసేసినారు, వాళ్ల డబ్బాలు పాత సామాన్ల అంగళ్లకు పోతా ఉండాయి. ఆ వేషగాళ్లలో శానామంది ఇప్పుడు లేరు. మీరు ఇంటింటికీ పోయి అడగండి. దొరికిన ప్రతి నెగటివునూ దుమ్ము దులిపి, తెల్లకాగితం ఎనకాల దీపం పెట్టి, ఫోనుతో కాపీ తీసుకోండి. వేషం కట్టింది ఎవరు, ఏ ఊరు, ఏ ఏడు అని బతికున్న పెద్దోళ్లను అడిగి రాసి పెట్టండి. వచ్చే ఎండాకాలం భారతానికి ధ్వజం ఎత్తే లోపల ఈ పని మొదలు పెట్టండి.